ఉప్పెన మీద వేసిన నింద

మచిలీపట్నంలో, అంటే బందరులో, రాబర్ట్‌సన్‌పేట అనే పేరు ఇప్పటికీ చలామణిలో ఉంది. ఆర్.పేట పోలీస్‌స్టేషన్ అంటే చాలు, ఊళ్లో ఎవరికీ దారి చెప్పక్కర్లేదు. పేరు మిగిలింది గానీ ఆ పేరుతో వెలిసిన బజారు మిగల్లేదు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్‌సన్ బందరులో ఒక కొత్త పేట వేయించాడు. వీధులు కలిసేచోట అంగడి, అంగడి నడుమ ఒక దిబ్బ. ఆ దిబ్బకు అలంకారంగా నిలబెట్టినవి అమరావతి మహాస్తూపం నుంచి తరలించుకొచ్చిన శిల్ప ఫలకాలు. ముప్ఫైకి పైగా ఉండేవి. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున బుద్ధుడి కథలు చెక్కిన పలకలు, అదే నది సముద్రంలో కలిసే సీమలో నాలుగు వీధుల కూడలికి కాపలా కాశాయి. 1835లో ఉత్తర సర్కారుల గుండా ప్రయాణించిన డాక్టర్ బెంజా వాటిని చూసి తన యాత్రా వివరాల్లో రాసుకున్నాడు. తరవాతి చరిత్రకారులు ఆ చోటును రాబర్ట్‌సన్ దిబ్బ అన్నారు. ఒక తెలుగు పట్నంలో 19వ శతాబ్దపు బజారు కూడలి గురించి ఇంత స్పష్టమైన ఆనవాలు దొరకడమే అరుదు. అందుకే బందరు వర్తకం ఎలా పోయిందన్న ప్రశ్న వేసుకోవడానికి ఈ కూడలికన్నా మంచి చోటు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు మనందరికీ నోటికి వచ్చినదే: ఉప్పెనలో పోయింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఆ ఉప్పెన సామాన్యమైనది కాదు. సముద్రం పోటు మట్టం మీద 13 అడుగుల ఎత్తున లేచి, కొన్నిచోట్ల 17 మైళ్ల దాకా లోపలికి చొచ్చుకొచ్చిందనీ, ముప్ఫై వేల ప్రాణాలు పోయాయనీ 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ చెబుతుంది. చీకట్లో, గాలివానలో, ఎటు పరుగెత్తాలో తెలియని జనం మీద విరుచుకుపడిన నీరు అది. ఆ దుఃఖాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ రాత్రి మనుషుల్ని తీసుకుపోయిందన్నది ఒక మాట, ఊరి వర్తకాన్ని తీసుకుపోయిందన్నది మరో మాట. మొదటిది నిజం. రెండోది కాదని నా వాదన. బందరు బజారులో మూతపడిన వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఉప్పెనకు ముందే చితికిపోయాయి, లేదా ఉప్పెన తరవాత చాలాకాలం బతికి వేరే కారణాలతో పోయాయి. ఆ కారణాల వెనక ఉన్నది సముద్రం కాదు, సంతకాలు. ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనడం మానాలి, కాలువ ఎక్కడినుంచి తీయాలి, రైలు ఏ ఊరికి ముందు వేయాలి అని నిర్ణయించినవాళ్ల సంతకాలు.

ముందుగా ఆ కూడలిలోని రాళ్లనే సాక్ష్యానికి పిలుద్దాం. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటున్నప్పుడు స్తూపం ఉన్న దీపాలదిన్నె తవ్వకంలో ఈ శిల్పాలు బయటపడ్డాయి. సర్వేయరు కోలిన్ మెకంజీ ఒకసారి వచ్చి చూసి, 1816 తరవాత మళ్లీ వచ్చి, తన బృందంతో వాటి బొమ్మలు గీయించాడు. అక్కడ మిగిలినవాటిలో కొన్నిటిని రాబర్ట్‌సన్ తన పేటకు తెప్పించుకున్నాడు. 1835లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చినప్పుడు ఈ శిల్పాలను చూసి మద్రాసుకు పంపమన్నాడు. ఉత్తర్వు వెంటనే అమలు కాలేదు. కొన్ని పలకలు రేవు అధికారి అలెగ్జాండ్రీ తోటకు చేరాయి. మద్రాసులో 1851లో మ్యూజియం వెలిసి, దాని పెద్ద ఎడ్వర్డ్ బాల్ఫోర్ వాటి ఆచూకీ తీశాక 1850లలో అవి మద్రాసు దారి పట్టాయి. అంటే ఉప్పెన వచ్చేనాటికే కూడలి శోభ కూడలిలో లేదు. అలలు వాటిని తాకనైనా లేదు. అమరావతి నుంచి బందరుకు, బందరు అంగడి నుంచి తోటకు, తోట నుంచి మద్రాసుకు ప్రతి అడుగూ ఒక అధికారి ఉత్తర్వుతోనో, చొరవతోనో పడింది. ఆ అధికారుల పేర్లు మనకు తెలుసు, ఏళ్లూ తెలుసు. రాళ్ల కథ ఇంత తేటగా ఉంది కనక వ్యాపారాల కథను కూడా ఇదే పద్ధతిలో, ఏ ఏడాది ఏం జరిగిందో చూసి తేల్చుకోవాలి.

బందరు వర్తకం అంటే ముందుగా అద్దకం బట్ట. ఒక్క తాను తయారీని దగ్గరగా చూస్తే ఆ బజారులో ఎన్ని కొట్లు ఎందుకు ఉండేవో అర్థమవుతుంది. నేత గుడ్డను ముందు గంజి పోయేదాకా ఉతికి, తెల్లబరిచి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కలకు పాకదు, కరక్కాయ వల్ల నలుపు పట్టుకుంటుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే కషాయం గీతల నలుపుకు. పటిక నీళ్లు ఎరుపు పడాల్సిన చోటికి. పటిక అద్దిన బట్టను పారే నీళ్లలో జాడించాలి, లేకపోతే మిగులు పటిక పక్కకు పాకి పూవు అంచు చెదిరిపోతుంది. ఆ తరవాత రాగి గంగాళాల్లో చిరువేరుతో ఉడికిస్తే పటిక ఉన్నంత మేరే ఎరుపు లేస్తుంది. నీలం కావాలంటే మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచాలి. ప్రతి పనికీ మధ్య మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. ఇప్పుడు దీన్ని బజారు లెక్కలోకి మార్చి చూడండి. గుడ్డ తెచ్చే నేతగాడు, తెల్లబరిచే చాకలి, టేకు అచ్చు చెక్కే పనివాడు, కరక్కాయలు అమ్మే కొట్టు, పటిక వర్తకుడు, తీరపు ఇసుకనేలల్లో చిరువేరు తవ్వి తెచ్చేవాళ్లు, ఆ వేళ్లు కట్టలు కట్టి అమ్మే షావుకారు, నీలిమందు దళారి, బయానా ఇచ్చే సరాఫు, పరదేశీ వర్తకుడికీ పనివాడికీ మధ్య మాట కలిపే దుబాసి, మూటలు కట్టే కూలీ, ఓడ దాకా చేర్చే పడవవాడు. ఒక్క తాను వెనక డజను జీవనాలు. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా మిగతావి సడలిపోతాయి. తెంచింది ఎవరన్నదే ప్రశ్న.

డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్ది తొలి ఏళ్లలోనే బందరు చేరింది ఈ బట్ట కోసమే. ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో వచ్చింది, ఫ్రెంచివాళ్లు 1669లో. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు వాళ్లు విడిచిపోయిన గుర్తులు. (పరాసుపేటలో ఫ్రెంచివాళ్ల హక్కు 1947 దాకా కాగితం మీద బతికే ఉందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.) కంపెనీ ఏటా ముందుగా పెట్టుబడి పంపి, నేతగాళ్లకు బయానాలిచ్చి బట్ట కొనేది. ఆ పద్ధతిలో దౌర్జన్యం ఉంది, బాకీల ఉచ్చు ఉంది. అదొక స్వర్ణయుగమని నేననను. కానీ ఊరి వర్తకం దాని చుట్టూ అల్లుకుంది. మాంచెస్టరు మరమగ్గం బలపడ్డాక ఇంగ్లండు మన బట్ట మీద సుంకాలు వేసి, తన బట్టను మన మీదికి తోలింది. 1813 చార్టరు కంపెనీకి ఇండియా వ్యాపారంలో ఉన్న గుత్తహక్కు తీసేసింది. 1833 చార్టరు కంపెనీ చేత అసలు వ్యాపారమే మాన్పించింది. అదే సమయంలో 1832-33 నందన కరువు గుంటూరు సీమను శ్మశానం చేసి, డెల్టాను కుంగదీసింది. నేతగాళ్లు పోయారు, కొనేవాళ్లూ పోయారు. రాబర్ట్‌సన్‌పేట చిగురించాల్సిన ఏళ్లు ఇవే. కలెక్టరు కొత్త అంగడికి శిల్పాలతో అందం దిద్దిన కొద్దికాలానికే ఆ అంగడికి ఆధారమైన కొనుగోలు ఖాతాను అతని యజమానులే మూసేశారు. ఉప్పెనకు అప్పటికి ముప్ఫై ఏళ్లు ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. అయితే నేరస్థుడు మాంచెస్టరే కదా, ఇది పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే కదా అని. సగం వరకే నిజం. మాంచెస్టరు చంపింది ఎగుమతికి పోయే సాదా గుడ్డనూ, ఐరోపాకు పోయే చీటీ బట్టనూ. బందరు అద్దకానికి ఇంకో కొనుగోలుదారు ఉన్నాడు. పర్షియా. సరు చెట్టు, నెమలి, మామిడి పిందె, మిహ్రాబు తోరణం అద్దిన నమాజు గుడ్డలు, భోజనానికి పరిచే దస్తర్‌ఖానులు, తెరలు బందరు నుంచి పర్షియా రేవులకు 19వ శతాబ్ది అంతా, 20వ శతాబ్దిలో కొంతకాలమూ వెళ్తూనే ఉన్నాయి. మాంచెస్టరు జోరు మీద ఉన్న రోజుల్లోనూ, ఉప్పెన తరవాతా ఇది సాగింది. ఒక మార్కెట్టు మూసుకుపోయినా పనివాడు ఇంకో దేశం రుచికి అచ్చు చెక్కుకుని బతికాడు. ఆ పనివాడి తెలివిని ఉప్పెన కథా గుర్తించదు, మాంచెస్టరు కథా గుర్తించదు. రెండూ అతన్ని చేతులు కట్టుకుని మునిగిపోయినవాడిగానే చూపిస్తాయి.

చిరువేరు సంగతి చూడండి. డెల్టా చివర, సముద్రం దగ్గర ఇసుకలో పెరిగే ఈ మొక్క వేరే బందరు ఎరుపుకు ప్రాణం. దాన్ని తవ్వడం, ఎండబెట్టడం, అమ్మడం విడిగా ఒక వర్తకం. మొక్క ఇప్పటికీ మన తీరంలో పెరుగుతుంది. మరి చిరువేరు షావుకారు ఎందుకు లేడు? మంజిష్ట, చిరువేరు వంటి వేళ్లలో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1868-69లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్‌మాన్ బొగ్గుతారు నుంచి తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే అది డబ్బాల్లో చౌకగా ప్రపంచమంతా తిరిగింది. వేళ్లు తవ్వి, దంచి, గంటల కొద్దీ ఉడకబెట్టే శ్రమకు ధర గిట్టలేదు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చాక నీలిమందు తొట్లకూ అదే గతి పట్టింది. ఉప్పెన వచ్చి అయిదేళ్లయ్యాక ఒక ప్రయోగశాలలో జరిగిన పని బందరు తీరంలోని ఇసుకనేలకు విలువ లేకుండా చేసింది. చిరువేరు కొట్టు మూతకు కారణం వెతికేవాళ్లు బంగాళాఖాతం వైపు కాదు, బెర్లిన్ వైపు చూడాలి.

పొడుం వర్తకం గురించి ఒక్క మాట. 19వ శతాబ్దంలో లండన్ పొగాకు కొట్లలో మసూలీపటం (బందరు) పేరుతో ముక్కుపొడుం అమ్మేవారు. తడిగా, నల్లగా, ఘాటుగా ఉండే ఆ రకానికి అక్కడ ప్రత్యేకంగా కొనేవాళ్లు ఉండేవారు. పొడుం పీల్చే అలవాటు అక్కడి పెద్దమనుషుల్లో తగ్గి, చుట్టా సిగరెట్టూ వచ్చాక ఆ పేరు కొట్ల పట్టీల నుంచి జారిపోయింది. దీనికి ఏ ప్రకృతి విపత్తూ అవసరం కాలేదు.

ఇక బలమైన అభ్యంతరం: బందరు రేవు లోతు లేనిది, ఓడలు ఒడ్డుకు రాలేవు, పెద్ద ఓడలు వచ్చే కాలంలో ఆ ఊరు ఎలాగూ నిలవదు, ప్రకృతే దాని తలరాత రాసింది అని. రేవు లోతు లేని మాట నిజమే. ఓడలు అయిదు మైళ్ల దూరంలో లంగరేస్తే పడవల మీద సరుకు చేరవేయాల్సి వచ్చేది. కానీ ఇది ఎప్పుడు మొదలైంది? గోల్కొండ సుల్తానుల కాలంలో కోరమాండల్ తీరానికే తలమానికమైన రేవుగా వెలిగినప్పుడూ బందరులో ఓడలు దూరంగానే ఆగేవి. మద్రాసుకూ సహజమైన రేవు లేదు. అలలు విరిగే తీరంలో మసులా పడవల మీద సరుకూ మనుషులూ దిగేవారు. తరవాత అక్కడ కోట్ల రూపాయలు పోసి రేవు కట్టారు. మూడు వందల ఏళ్లు మారకుండా ఉన్న లోపం ఒక దశాబ్దంలో వచ్చిన మార్పుకు కారణం కాలేదు. మారింది సముద్రం లోతు కాదు, సరుకు వచ్చే దారి. పూర్వం బందరు వెనక హైదరాబాదు ఉండేది, తెలంగాణ ఉండేది. బంజారా బిడారులు వేల ఎద్దుల మీద ఉప్పు పట్టుకెళ్లి, పత్తీ ధాన్యమూ దించేవి. ఆ దారి తెగితే ఎంత లోతైన రేవైనా దిక్కులేనిదే.

దారి ఎలా తెగిందో చూడండి. 1852లో బెజవాడ (ఇప్పటి విజయవాడ) దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. ఇంజనీర్లలో ఆర్థర్ కాటన్‌ది ఊహ, చార్లెస్ ఆర్‌ది పనితనం. నందన కరువు చూసిన సీమకు అది కొత్త జన్మ; దాని మేలును తూకం వేయడానికి ఏ తక్కెడా చాలదు. కానీ ఆ కాలువలు సేద్యానికే కాదు, పడవలకు కూడా. లాకులు కట్టారు, గట్ల మీద తాళ్లతో పడవలు లాగే బాటలు వేశారు. కాలువలన్నిటికీ తల బెజవాడ. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అక్కడినుంచే విడిపోతాయి. ఏలూరు కాలువ గోదావరి కాలువల్ని కలుపుకుని సరుకును కాకినాడ దాకా తీసుకెళ్లింది. దీని ఫలితం ఒక్క ఉదాహరణలో తేటపడుతుంది. గుంటూరు, కృష్ణా నల్లరేగడిలో పండిన పత్తి ప్రపంచ విపణిలో కాకినాడ పేరుతో అమ్ముడుపోయింది. బందరు పెరట్లో పండిన పంటకు ఇంకో రేవు పేరు పడింది! ఆపైన 1874లో నిజాం రైలు వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదు చేరింది. హైదరాబాదు సరుకుకు బొంబాయి దగ్గరైపోయింది, బందరు దూరమైపోయింది. బంజారాల ఎద్దులు ఆ రైలుతో పోటీ పడలేకపోయాయి. బిడారు రాకపోతే ఉప్పు కొట్టుకు గిరాకీ ఎక్కడిది? ఎద్దులకు పగ్గాలూ గంటలూ గోనెలూ అమ్మేవాళ్లు ఎవరికి అమ్ముతారు?

బెజవాడ ఎదిగిన తీరు ఈ వాదనకు రెండో వైపు. 1881 జనాభా లెక్కల్లో బెజవాడ పదివేలు దాటని ఊరు. 1888లో మునిసిపాలిటీ అయింది. 1889లో నిజాం రైలు అక్కడికి చేరింది. దక్షిణ మహారాఠా రైలు కూడా ఆ కాలంలోనే కృష్ణ దాకా వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన తెరిచాక ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ పడమర నుంచీ వచ్చే దారులు ఒకేచోట ముడిపడ్డాయి. కాలువ పడవ దించిన ధాన్యాన్ని రైలు ఎక్కించడం బెజవాడ వన్‌టౌన్‌కు తిండి పెట్టింది. ఇప్పటి కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టూ, సామారంగం చౌకు, ఇస్లాంపేట వీధుల్లో టోకు వ్యాపారం కిక్కిరిసిందంటే కారణం ఈ ముడే. అదే సమయంలో జిల్లా ముఖ్యపట్టణమైన బందరుకు రైలు ఎప్పుడు వచ్చింది? 1908లో. బెజవాడకు రైలు వచ్చిన పంతొమ్మిదేళ్ల తరవాత. ఈ పంతొమ్మిదేళ్లలోనే టోకు వర్తకుడు తన గోదాము ఎక్కడ కట్టుకోవాలో నిర్ణయించుకున్నాడు. అయినా 1901 లెక్కల్లో బందరు జనాభా 39,507, బెజవాడది 24,224. ఉప్పెన వచ్చిన ముప్ఫై ఏడేళ్ల తరవాత కూడా పెద్ద ఊరు బందరే! ఉప్పెన ఒక్క దెబ్బతో చంపిన ఊరి అంకె కాదిది. నెమ్మదిగా దారి తప్పించబడిన ఊరి అంకె ఇది.

ఒక విషయంలో ఉప్పెన కథ చెప్పేవాళ్ల మాట కాదనలేను. బందరుకోటలో ఉన్న సైనికదళాన్ని ఉప్పెన మరుసటి ఏడాదే తీసేశారు. దండు మీద ఆధారపడి బతికిన దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, రొట్టెల కొట్లవాళ్లు, సారా వర్తకులు, దొరల సామాను అమ్మేవాళ్లు ఒక్కసారిగా గిరాకీ పోగొట్టుకున్నారు. ఈ వ్యాపారాలు పోవడానికి ఉప్పెనే కారణమని ఒప్పుకోవాలి. పడవలు పోగొట్టుకున్న రేవువాళ్ల సంగతీ అంతే. అయితే బట్టకు, రంగుకు, ఉప్పుకు, పత్తికి సంబంధించిన వర్తకం దండు బజారు కాదు. అది అంతకు ముందూ ఉంది, తరవాతా ఉంది. దండు వెళ్లిపోయిన ఏడాది గడవకుండానే, 1866లో బందరుకు మునిసిపాలిటీ ఏర్పాటు చేశారు. చచ్చిన ఊరికి పన్ను వేయరు. 1843లో మొదలైన నోబుల్ బడి కళాశాలై డెల్టాలో ఇంగ్లీషు చదువుకు పెద్ద దిక్కయింది. 1902లో కృష్ణా పత్రిక అక్కడే పుట్టింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల అక్కడే వెలిసి, చదువుతో పాటు రంగులూ అద్దకమూ నేర్పింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును అక్కడే స్థాపించారు. బ్యాంకు పెట్టాలంటే డబ్బు దాచుకునేవాళ్లూ, అప్పు తీసుకుని తిప్పేవాళ్లూ ఊళ్లో ఉండాలి. సముద్రం ఊడ్చేసిన ఊళ్లో బ్యాంకు పుట్టదు. ఆ బ్యాంకు ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. దాన్ని కూడా ఏ అలా తీసుకుపోలేదు. అది ఒక ప్రభుత్వ నిర్ణయం, తేదీ ముందే ప్రకటించి చేసినది.

ఇదంతా పాత లెక్కలు తవ్వడం కోసం కాదు. నింద ఎవరి మీద వేస్తామన్నది, తరవాత ఏం చేస్తామన్నదాన్ని నిర్ణయిస్తుంది. సముద్రమే తీసుకుపోయిందనుకుంటే చేయగలిగింది ఏమీ లేదు, దండం పెట్టడం తప్ప. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరవాత మనవాళ్లు దండం పెట్టి ఊరుకోలేదు. తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ఊరూరికీ చేరే ఏర్పాట్లు చేశారు, మడ అడవుల విలువ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ తరవాతి తుపానుల్లో ప్రాణనష్టం తగ్గిందంటే ఆ నిర్ణయాల ఫలమే. ప్రాణాల విషయంలో నేర్చుకున్న ఈ పాఠాన్ని వృత్తుల విషయంలో మనం ఇంకా నేర్చుకోలేదు. బందరులో కొత్త ఓడరేవు పనులు సాగుతున్నాయి. మళ్లీ పాత వైభవం వస్తుందని అంటున్నారు. రావాలనే నా కోరిక కూడా. కానీ పాత వైభవం లోతైన రేవు వల్ల రాలేదు. అది ఊళ్లో తయారయ్యే సరుకు వల్లా, దాన్ని కొనడానికి వచ్చే దారుల వల్లా వచ్చింది. బొగ్గూ ఎరువులూ దించి లారీల్లో తరలించే రేవు ఎంత పెద్దదైనా బందరు కోనేరు సెంటరులో ఒక్క కొట్టునైనా అదనంగా తెరిపిస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆ రేవు వెనక భూమిలో ఏ పనిశాలలు వస్తాయి, వాటిలో బందరు చేతులకు పని ఉంటుందా అన్నదాని మీదే అది ఆధారపడి ఉంది. ఈ ప్రశ్న ఇప్పుడే, కాగితాల మీద గీతలు గీస్తున్నప్పుడే అడగాలి. 1850లలో కాలువల గీతలు గీసినప్పుడు బందరు అద్దకంవాళ్లను ఎవరూ అడగలేదు.

అడగాల్సినవాళ్లు ఇప్పటికీ దగ్గర్లోనే ఉన్నారు. బందరుకు పది కిలోమీటర్ల దూరంలో పెడనలో టేకు అచ్చులు చెక్కుతున్నారు, కరక్కాయ పాలలో గుడ్డ ముంచుతున్నారు, ఇనుమూ బెల్లమూ పులియబెడుతున్నారు. ఎరుపు కోసం ఇప్పుడు చిరువేరు కాదు, ఎక్కువగా అలిజరిన్ వాడతారు. మచిలీపట్నం కలంకారీ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది గానీ, అదే డిజైన్లు మిల్లుల్లో అచ్చుగుద్దుకుని కలంకారీ పేరుతో మార్కెట్టులో తిరుగుతుంటే ఆ గుర్తింపు అచ్చు చెక్కేవాడికి కూలి పెంచడం లేదు. పటిక అద్దిన బట్టను జాడించడానికి మాత్రం ఇప్పటికీ పారే నీళ్లే కావాలి. తొట్టిలో నీళ్లు సరిపోవు. ఆ నీళ్లు కృష్ణ కాలువల నుంచే రావాలి, కాలువలు ఎండాకాలంలో కట్టేస్తారు. ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది విజయవాడలో బ్యారేజీ దగ్గర వరికీ తాగునీటికీ లెక్కలు చూసి నిర్ణయిస్తారు. ఆ లెక్కల్లో అద్దకంవాళ్ల ఉతుకుకు కూడా ఒక గడి ఉండాలి. సర్కారు తలుచుకుంటే వచ్చే వేసవికే ఆ పని చేయొచ్చు.